కొత్త తినకముందు

నేను ఒక బొరిగెని. అరచేతి వెడల్పు ఇనప రేకు, దానికో వంపు మెడ, మెడకో కర్ర పిడి. గొంతుక్కూర్చుని కలుపు తీసేవాళ్ళ చేతిలో ఉండే వస్తువుని. ఇనుముకి సంతోషమూ దుఃఖమూ తెలియవు కాబట్టి, ఆశ్రమ పాఠశాల వెనక సామచేలోకి ఆ మంచి కబురు వచ్చిన వేళ నేను పొంగిపోయానని చెప్పను. చూశాను, అంతే.

కబురు హెడ్మాస్టరు సన్యాసిరావుగారితో వచ్చింది. వాన వెలిసిన బురదలో చెప్పులు జారుతుంటే ఆయన వాటిని గట్టు మీదే వదిలేసి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, ఫోను చేత్తో పైకెత్తి పట్టుకుని చేలోకి దిగాడు.

"ఇచ్చారండి మేడం. వ్యవసాయ పాలిటెక్నిక్‌లో మన బడికి ఒక సీటు ఇచ్చారు. ఫీజు లేదు, హాస్టలు కూడా వాళ్ళదే. పదో తరగతిలోంచి ఒకర్ని పంపమన్నారు. పంట కోతకొచ్చే వేళకి పరీక్ష పెడతారంట. చిరుధాన్యాల మీద, చేతిపని."

మేడం అంటే ఇందుమతి మేడం. పిల్లలకి వ్యవసాయం పాఠం చెప్పడానికి గోదావరి పక్కనుంచి ఈ కొండల మీదికి వచ్చిన మనిషి. వాన లేకపోయినా గొడుగు మూయకుండా గట్టు మీద నిలబడి, ఎవరి సాలు ఎంతవరకు వచ్చిందో చూస్తోంది. కబురు వినగానే గొడుగు పక్కకి వంచి, "చిలకమ్మ. ఇంకెవరండీ, చిలకమ్మే" అంది.

చిలకమ్మ అప్పుడు నన్ను పట్టుకుని వరస మధ్యలో ఉంది. వంతలవారి పిల్ల, సన్నటి మనిషి, నూనె రాసి బిగించి అల్లిన జడ. తల ఎత్తలేదు. నా పిడి చుట్టూ వేళ్ళు కొంచెం బిగిశాయి. ఇంకో గరికదుబ్బు వేళ్ళతో సహా పైకొచ్చింది.

"ఏంటమ్మా, సంతోషంగా లేదా?"

పక్క సాలులో ఉన్న ఆమె స్నేహితురాలు బుద్రి కలగజేసుకుంది. "దానికి సంతోషంగానే ఉంది మేడం. గడ్డి ఎలా పీకుతుందో సూడండి."

వరసంతా తలలు వంచుకుని నవ్వింది. మేడం కూడా నవ్వింది గాని, ఎందుకు నవ్వుతున్నారో ఆమెకి తెలిసినట్టు లేదు.

నేను ఈ కొండల్లో పుట్టలేదు. ఓ పాత లారీ కమాను పట్టీని కోసి, విజయనగరం వైపు ఒక కమ్మరి నన్ను చేశాడు. ఆయన కొడుతుంటే భార్య కొలిమితిత్తి ఊదేది. ఆ మధ్యాహ్నం ఇద్దరికీ మాటల్లేవు, కూరలో ఉప్పు దగ్గరేదో తేడా వచ్చింది. అయినా ఆమె గాలి ఊదిన వేళకీ ఆయన సుత్తి దిగిన వేళకీ తేడా రాలేదు. ఎర్రగా కాలిన నన్ను నీళ్ళలో ముంచితే చుయ్యిమంది. మనుషులు దాన్ని పదును పెట్టడం అంటారు. అప్పటినుంచి నాకేదీ తగలడం మానేసింది. రాయి తగిలినా వేరు తగిలినా వేలు తగిలినా ఒకటే.

నన్ను మొదట కొన్నది పైడమ్మ. వేరుశెనగ చేలల్లో కూలికి వెళ్ళేది. కలుపు తీయడం ఆమెకి అత్త నేర్పింది, తిట్లతో. "మొక్కకీ గరిక్కీ తేడా తెలీని కళ్ళు నీకెందుకే" అని వెనకనుంచి గొంతు వినపడగానే పైడమ్మ చేయి సరైన చోట పడేది. అత్త పోయాక కొన్నాళ్ళు ఆ చేయి తడబడింది. తర్వాత ఏమనుకుందో, తనని తనే తిట్టుకుంటూ పని చేయడం మొదలుపెట్టింది, అచ్చం అత్త గొంతుతో. పక్క సాలుల ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. మనుషులు ఏ దారిన నేర్చుకుంటే ఆ దారి వాళ్ళకి చాలా ఇష్టమైపోతుందని, అది ముళ్ళదారైనా సరే వదలరని, నాకు పైడమ్మ దగ్గర తెలిసింది.

మోకాళ్ళు వంగనన్నాక ఆమె నన్ను ఊళ్ళో హైస్కూలుకి ఇచ్చేసింది. అక్కడ కొత్తగా వ్యవసాయం పాఠం పెట్టారు. నన్ను కడిగి, నూనె రాసి, గోడకి మేకు కొట్టి తగిలించారు. కింద అట్టముక్క మీద నా పేరు. పిల్లలు నా ఎదుట నిలబడి ఒకే గొంతుతో పాడేవాళ్ళు: "బొరిగె భాగములు మూడు. రేకు, మెడ, పిడి." రికార్డు పుస్తకాల్లో నా బొమ్మ గీసి, నీడలు కూడా దిద్దేవాళ్ళు. ఒక కుర్రాడు నన్నెంత అందంగా గీశాడంటే మేష్టారు ఆ పేజీని మిగతా తరగతులకి కూడా తీసుకెళ్ళి చూపించాడు. ఆ కుర్రాడు నన్ను ఏనాడూ ముట్టుకోలేదు.

తప్పు పట్టడం లేదు. ఆ ఇళ్ళల్లో చదువంటే నోటితో చేసే పని. ఎక్కాలు అలాగే వచ్చాయి, పద్యాలు అలాగే వచ్చాయి. కుర్రాడు మోచేతుల దాకా మట్టితో ఇంటికి వెళితే, "దీనికేనా నిన్ను బడికి పంపింది" అని నాన్న అడిగేవాడు. మట్టిలోంచి బయటపడటానికే పిల్లల్ని చదివించుకుంటున్న మనుషులకి బడిలో మళ్ళీ మట్టి ఎదురైతే కోపం రాదా. కొన్నాళ్ళకి పిల్లలందరూ కంప్యూటరు గదిలోకి మారిపోయారు. వ్యవసాయం పాఠం మూతపడింది. నన్నూ, నాతోటి కొడవళ్ళనీ, ఒక పూలకుండీనీ గోనెసంచిలో కట్టి ఈ కొండ మీది బడికి పంపేశారు.

ఇక్కడ ఇందుమతి మేడం మొదటి పాఠం నాతోనే మొదలుపెట్టింది. నన్ను పైకెత్తి పట్టుకుని భాగాలు చెప్పింది. చక్కగా, తొందర లేకుండా చెప్పింది. "అర్థమైందా?" అంటే "అయింది మేడం" అని అందరూ అన్నారు. "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అంటే ఎవరూ ఏమీ అనలేదు. "సరే, భాగాలెన్ని?" అని అడిగితే అప్పుడు కూడా ఏమీ అనలేదు. అందరూ ఆమె చేతివైపే చూస్తున్నారు. ఆమె నన్ను పట్టుకున్న తీరులో ఏదో తేడా ఉన్నట్టుంది, చివరి బల్ల మీద బుద్రి తన ఖాళీ చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది.

ఆ సాయంత్రం మేడం హెడ్మాస్టరుతో అంది, "పిల్లలు మందంగా ఉన్నారండీ. ఒక్కళ్ళకీ ఒక్క సందేహమైనా లేదు."

సన్యాసిరావుగారు ఈ కొండల మనిషే. కొంచెం ఆలోచించి, "ఉంటాయండి. అడగరు" అన్నాడు.

"ఎందుకడగరు?"

"పెద్దవాళ్ళని అడిగితే, మీరు సరిగ్గా చూపించలేదు అన్నట్టు కదండీ."

ఆ మాట మేడానికి పెద్దగా నచ్చలేదు.

చేలోకి దిగాక సంగతి వేరు. పిల్లలు ముందు చాలాసేపు నిలబడి చూశారు, నేలనీ మొక్కనీ ఒకళ్ళ చేతుల్ని ఒకళ్ళూ. తర్వాత ఎవరూ చెప్పకుండానే ఒక వరసగా కూర్చున్నారు. చిలకమ్మ నన్ను అందుకుని ఒకసారి బరువు చూసుకుంది. పిడి పైన కాదు, మెడ దగ్గరగా పట్టుకుంది. నడవడం రాక ముందునుంచీ అవ్వ పక్కన కూర్చుని చూసిన చేయి అది. సామకీ ఊదగడ్డికీ లేతలో తేడా నాకే తెలియదు, ఆ చేతికి తెలుసు. ఎవరి చేయైనా తప్పుతుంటే పక్కవాళ్ళు దాన్ని మాట లేకుండా పట్టుకుని తిప్పేవారు. వరస మొత్తం ఒక్క మనిషిలా ముందుకి జరిగేది.

మేడానికి మార్కులు వేయాలి. మార్కులు మనిషికి వేయాలి, వరసకి వేయడానికి కుదరదు. అందుకని ఒకరోజు తాడు కట్టి ఎవరి సాలు వాళ్ళకి పంచింది. చిలకమ్మ తన సాలు ముగించి, లేవకుండానే పక్కకి తిరిగి బుద్రి సాలులోకి వచ్చేసింది.

"చిలకమ్మా, అది నీది కాదు. లే."

చిలకమ్మ లేచింది. బుద్రి లేవలేదు. "నాకింకా ఉంది మేడం."

"నీది నువ్వే చేసుకోవాలి. తను చేసి పెడితే కాపీ అవుతుంది."

"గడ్డి కాపీ ఎలాగవుతాది మేడం?"

"బుద్రీ."

"లేదు మేడం, తెలీకే అడుగుతున్నా. మొన్న మీరు అడగమన్నారు కదా."

మేడం ఇద్దరికీ చెరిసగం మార్కులు వేసింది. బుద్రి ఆ సగం మార్కుల్ని చాలా రోజులు గొప్పగా చెప్పుకుంది, చిలకమ్మా తనూ కలిసి తెచ్చుకున్నామని.

సీటు కబురు వచ్చాక మేడం చిలకమ్మని వదల్లేదు. రోజూ బడి అయ్యాక వరండాలో కూర్చోబెట్టుకునేది. పరీక్షలో చేస్తే చాలదు, చేసేది చెప్పాలి. ఆ పిల్ల నోరు విప్పదు. "ముందు ఏం చేస్తాం?" అని అడిగితే, గాలిలో చేతులతో విత్తనం జల్లి చూపించేది.

"చేతులు కాదమ్మా, నోరు."

చిలకమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూసేది. మేడం మంచి మనిషి. కోప్పడేది కాదు. ఊరినుంచి తెచ్చిన మామిడి తాండ్ర ముక్క కోసి పెట్టేది. తాండ్ర నాలిక మీద కరిగేదాకా ఆ పిల్ల కళ్ళు సగం మూసుకునేది, అప్పుడు మేడం కూడా ఒక ముక్క నోట్లో వేసుకుని మాట్లాడకుండా కూర్చునేది. వాళ్ళిద్దరికీ బాగా కుదిరిన పాఠం అదొక్కటే. అలా అలా, గోడవైపు తిరిగి కూర్చుంటే సగం సగం మాటలు రావడం మొదలైంది. "దుక్కి... దున్ని." "విత్తనం... ఆరబెట్టి." మేడం మురిసిపోయి హెడ్మాస్టరుకి చెప్పింది. ఆయన గోడకేసి చూసి, "బాగుందండి" అన్నాడు.

సామకంకులు వంగాయి. చేను రంగు మారింది. పరీక్ష ఇంకో వారంలోకి వచ్చింది. ఆ ఉదయం పిల్లలందరూ చేలో ఉన్నారు, పిట్టల్ని తోలడానికి. నన్ను చిలకమ్మ బొడ్లో దోపుకుంది.

"ధాన్యం కోతకి వచ్చిందని ఎలా తెలుసుకుంటాం? ఇది తప్పకుండా అడుగుతారు" అంది మేడం.

చిలకమ్మ ఒక గింజని బొటనవేలి గోరు కింద పెట్టి నొక్కి చూపించింది.

"గోరుతో కాదమ్మా. పుస్తకంలో ఉన్నట్టు చేయాలి. కొరికి చూడాలి. పాలు కారకూడదు, కటుక్కుమని విరగాలి. కొరుకు."

చిలకమ్మ గింజని చూసింది. తర్వాత బుద్రిని చూసింది. పిట్టల్ని తోలే కేకలు ఆగిపోయాయి.

"మందు కొట్టలేదమ్మా, భయమెందుకు? నేను చెప్తున్నానుగా. తిను."

పెద్దవాళ్ళ మాట ఎవరైనా కాదనడం ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు, తనూ అనలేదు. గింజ నోట్లో పెట్టుకుంది. కటుక్కుమంది.

"ఆ. ఇప్పుడు చెప్పు. ఎలా ఉంది?"

"గట్టిగా ఉంది మేడం" అంది చిలకమ్మ. గోడవైపు తిరగకుండా, విరగకుండా, పూర్తి మాట.

మేడం చప్పట్లు కొట్టింది. ఇంకెవరూ కొట్టలేదు.

ఈ కొండ ఊళ్ళలో కొత్త పంటని ఊరంతా కలిసి ఒకేరోజు తింటారు. ముందు అమ్మవారికి పెట్టి, పెద్దలకి పెట్టి, తర్వాత అందరూ ఒకేసారి. దాన్ని కొత్త తినడం అంటారు. ఆ రోజు రాకముందు ఒక్క గింజ నోట్లోకి పోకూడదు, ఎంత ఆకలేసినా పోదు. ఇది అక్కడున్న ప్రతి పిల్లకీ పిల్లాడికీ తెలుసు. ఆ చేలో తెలియనిది మేడానికీ నాకూ మాత్రమే.

మర్నాడు, కోతకి ముందు చేలో మిగిలిన గడ్డి ఏరే పనికి, చిలకమ్మ నన్ను అందుకోలేదు. గట్టు మీద కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పడి ఉన్నాయి, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయినట్టు. ఏడవలేదు. ఎవరూ ఆమెని ఏమీ అనలేదు కూడా. వరసలో ఆమె చోటు మాత్రం అలాగే ఖాళీగా ఉంచి, అటూ ఇటూ పని చేసుకుపోయారు. అన్నం పళ్ళెం తీసుకుని తనే చివరికి వెళ్ళి కూర్చునేది. బుద్రి పక్కకి చేరబోతే ఇంకాస్త జరిగేది. సామ కంకి గాలికి ఊగి చేతికి తగిలితే ఆ చేయి వెనక్కి రాలేదు, ముందుకీ పోలేదు. మొద్దుబారడం నాకు తెలిసిన విషయం. అంత చిన్న మనిషిలో దాన్ని చూడటం మాత్రం అదే మొదలు.

మేడం ఇదంతా పరీక్ష భయం అనుకుంది. బతిమాలింది. తాండ్ర మిగిలిందంతా పొట్లం కట్టి ఇచ్చింది. చివరికి కసిరింది కూడా. "ఇంత దగ్గరికొచ్చాక ఇదేంటమ్మా? అక్కడ నీ చేతికి గింజలే ఇస్తారు. ఇలా కూర్చుంటే సీటు వేరే బడికి పోతుంది. నీకు మళ్ళీ రాదు."

చిలకమ్మ "అవును మేడం" అంది. అంతే.

మేడం బుద్రిని పక్కకి పిలిచింది. "దానికి ఏమైందే? నువ్వైనా చెప్పు."

బుద్రికి నోరుంది గాని, పెద్దవాళ్ళ తప్పు పెద్దవాళ్ళ ముఖాన చెప్పే నోరు కాదది. ఒక కంకి తుంచింది. అరచేతుల మధ్య నలిపింది, పొట్టు ఊదింది. గింజల్ని పెదవుల దాకా తీసుకెళ్ళి ఆగింది. చేయి దించి, గింజల్ని ఒక ఆకు మీద పోసి నేల మీద పెట్టింది. మేడం ముఖంలోకి చూసింది. ఇంకో కంకి తుంచి మొత్తం మళ్ళీ చేసింది.

"ఆకలేస్తోందా?" అంది మేడం.

బుద్రి నెత్తి కొట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మేడం ఏమనుకుందో నాకు తెలియదు. గొడుగు మూసి గట్టుకి ఆనించింది. చెప్పులు విప్పింది. వచ్చి, వరసలో చిలకమ్మ చోట కూర్చుంది. నన్ను పట్టుకుంది, మూడు భాగాలూ తెలిసిన మనిషి పట్టుకున్నట్టే పట్టుకుంది. మొదటి పూటకే అరచేయి బొబ్బలెక్కింది. పక్కనున్న బుద్రి మాటేమీ లేకుండా ఆమె మణికట్టు పట్టుకుని కిందికి వంచింది. నా మెడ దగ్గర పట్టు కుదిరింది. "ఓహో" అనుకుంది మేడం, తనలో తనే. ఎంతో చిన్న సంగతికి ఆమె ముఖం విప్పారింది.

అలా మాట్లాడటం మానేసిన మనిషికి కళ్ళు పనిచేయడం మొదలెట్టాయి. ఈ పిల్లలు చేలో ఏది దొరికితే అది నములుతారు. పులిచింతాకు, పచ్చి జామకాయ, గడ్డిపరక. సామ గింజ మాత్రం ఒక్కరూ నోట్లో వేయరు. విత్తనానికి కంకులు నలిపే కుర్రాడి పెదవి మీద ఒక గింజ అంటుకుంది. వాడు నాలిక లోపలికి లాక్కుని, చొక్కాతో మూతి తుడుచుకున్నాడు. మేడం చేయి ఆగిపోయింది. నేను సగం మట్టిలో దిగి అలాగే ఉండిపోయాను.

లేచి, నన్ను చేత్తో పట్టుకునే హెడ్మాస్టరు గదికి నడిచింది.

"మాస్టారూ, కొత్త సామ ఇంకా తినకూడదా?"

సన్యాసిరావుగారు కళ్ళజోడు తీశాడు. "తినకూడదండి."

"నేను తినిపించాను."

"తెలుసండి."

"మరి నాకు చెప్పలేదేమండీ?"

"చెబితే మీకు సిగ్గేస్తుందనుకున్నానండి. మీ అంతట మీరు చూసుకుంటే అంత వేయదు."

"వేసిందండి."

"తగ్గుతుందిలెండి" అన్నాడాయన. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. ఊళ్ళో కొత్త వచ్చే వారం. పరీక్ష ఎల్లుండి. ఆ తప్పు మీదుండగా చిలకమ్మ కొత్త గింజ ముట్టుకోదు, ముట్టుకోమన్నా చేయి కదలదు. ఎవరూ ఆమెకి శిక్ష వేయలేదు. వేసి ఉంటే తీరిపోయేది. "పోనీ బుద్రిని పంపుదామండి" అని కూడా అన్నాడు, ముఖం పక్కకి పెట్టుకుని.

"బుద్రి వెళ్ళనంది. అడిగాను. అది చిలకమ్మ చోటంట" అంది మేడం.

సాయంత్రానికి మేడం, హెడ్మాస్టరు, చిలకమ్మ ముగ్గురూ ఆ పిల్ల ఊరికి బయల్దేరారు. మేడం సంచిలో నేనున్నాను. ఆ వైపు అసలు పనితో నేరుగా ఎవరింటికీ వెళ్ళరట, ఏదో ఒక చిన్న పని చేత్తో పట్టుకుని వెళ్ళాలట. నా పిడి వదులైంది, అదే ఆ చిన్న పని. చిలకమ్మ ముందు నడిచింది. ఎండ కొండ వెనక్కి దిగుతుంటే సామచేలన్నీ ఒక్కసారి బంగారం నీళ్ళు పోసినట్టయ్యాయి. మేడం ఒక్క నిమిషం ఆగి చూసి, మళ్ళీ నడిచింది.

చిలకమ్మ అవ్వ పేరు ఎర్రమ్మ. ఊళ్ళో కొత్తనాడు మొదటి కుండ పొయ్యి మీద పెట్టేది ఆమె. పూజారి ఆమె తమ్ముడే. అరుగు మీద చాట అల్లుకుంటోంది. ముందు నన్ను తీసుకుని తిప్పి చూసింది.

"ఈ పిడి ఎవులేసినారు? కర్ర పచ్చిగా ఉండగా ఏసీసినారు. ఆగదు."

"అవ్వా, ఒక మాట చెప్పాలి" అంది మేడం. "తప్పు చిలకమ్మది కాదు. నాది. నేనే తినమన్నాను."

"తినమన్నావు."

"అవునవ్వా."

"నువ్వు తిన్నావేటి?"

"లేదు."

ఎర్రమ్మ చాట పక్కన పెట్టి మనవరాలి వైపు చూసింది. "గుంట నోట్లో ఎట్టించి నువ్వు తిన్నేదా?"

మేడానికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. క్షమాపణ చెప్పడానికి సిద్ధమై వచ్చింది, పిల్లని తప్పించడానికి సిద్ధమై వచ్చింది. ఇలాంటి దానికి సిద్ధంగా లేదు.

"మా కాడ పెద్దోలు ముందు సేత్తారు. ఆల సెయ్యి సూసి పిల్లలు సేత్తారు" అంది ఎర్రమ్మ. గొంతులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. "నువ్వు సెయ్యని పని దానికి సెప్పినావు. అది సేసింది. ఎనక్కి తిరిగి సూత్తే ఎవులూ నేరు. అదొక్కర్తే అయిపోనాది. ఇంకేటి సేత్తాది, కూకుంటాది."

మేడం గట్టు మీద గొడుగు కింద నిలబడి, చేయండి, చెప్పండి, కొరకండి అన్న రోజులన్నీ నేను చూసినవే. అవన్నీ ఆమెకి గుర్తొచ్చాయో లేదో చెప్పలేను. సంచిలో చేయి పెట్టింది. పరీక్షకి చూపించాలని తెచ్చి ఉంచిన సామకంకులు అడుగున ఉన్నాయి. ఒకటి తీసింది. అరచేతుల మధ్య నలిపింది, పొట్టు ఊదింది, బుద్రి చూపించినట్టే.

"మేడం" అని హెడ్మాస్టరు సగం లేచాడు.

ఆమె గింజలు నోట్లో వేసుకుని కొరికింది. అరుగంతా వినపడింది.

గుంజకి ఆనుకుని నేల చూస్తున్న చిలకమ్మ తల ఎత్తింది. అన్ని రోజుల్లో మొదటిసారి ఆమె చూపు ఒక చోట నిలిచింది. మేడం నోటి మీద.

ఎర్రమ్మ నవ్వడం మొదలెట్టింది, భుజాలు కదిలేలా. "నమిలిందే ఒలమ్మా. మింగీసింది కూడాను." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "సరే. ఇప్పుడు ఇద్దరైనారు. ఒక్కర్తైతే దాని తప్పు. ఇద్దరైతే ఊరు సూసుకుంటాది."

తమ్ముణ్ణి కేకేసింది. పూజారి పక్కింట్లోంచి తువ్వాలు సర్దుకుంటూ వచ్చాడు, అంతా విన్నాడు, మేడాన్ని ఒకసారి ఎగాదిగా చూశాడు. గడ్డం గోక్కున్నాడు. బడి చేను జల్లింది మన పిల్లల చేతులే కదా, ఊరి కొత్తకి ఆగక్కర్లేదు, ఆ చేనికి రేపే ముందుగా కొత్త పెడదాం, ఇద్దరి తప్పూ అక్కడే తీరిపోతుంది అన్నాడు. ఊరి పెద్దల్ని తను ఒప్పిస్తానన్నాడు. అమ్మవారికిచ్చే కోడిపుంజు సంగతి హెడ్మాస్టరు చూసుకోవాలన్నాడు. హెడ్మాస్టరు తలూపాడు.

ఎర్రమ్మ నా పిడి ఊడదీసి పొయ్యిలో పడేసింది. కొత్త కర్ర ఎండినది రేపు చూస్తానని, నన్ను చూరులో దోపింది. పిడి లేని ఇనుము పనిముట్టు కాదు, ఒక తునక. పైడమ్మ చేతిలో, గోడ మేకుకి, ఈ పిల్లల వరసలో నేను ఒకలాగే ఉన్నాను. నన్ను పట్టుకునే తీరు మాత్రం ఎవరింట్లో పుట్టినవాళ్ళకి వాళ్ళదే. ఒకరికి తిట్టు కావాలి, ఒకరికి పాట కావాలి, ఒకరికి పక్కన ఇంకో చేయి ఆడుతూ ఉండాలి. ఇందులో ఏది మంచిదో ఇనుముకి తెలిసే పని కాదు. చూరులోంచి అరుగు బాగా కనపడుతోంది, అది చాలు.

"మరి నేనేం చేయాలవ్వా?" అంది మేడం.

"నన్నెందుకు అడుగుతావు? నీతో తిన్నదాన్ని అడుగు."

మేడం చిలకమ్మవైపు తిరిగింది. అడగలేదు, ఊరికే చూసింది. చిలకమ్మ గుంజ వదిలి వచ్చి ఆమె ఎదురుగా అరుగు మీద కూర్చుంది. చేతులు ఒళ్ళోంచి లేచాయి, మాటకి ముందు అవే కదిలాయి, వాటి వెనకే మాట వచ్చింది.

"రేపు తెల్లారగానే తానం సేసి సేలోకి రండి మేడం. సెప్పులొద్దు. గొడుగు వద్దు. ముందు నాను కోత్తాను, నా పక్కన మీరు కొయ్యండి. అవ్వ దంచుతాది, కొత్త కుండలో వండుతాది. అమ్మోరికి ఎట్టీవరకూ మీరూ నానూ ఎనకాల కూకోవాల. ఊరోలందరూ తిన్నాక ఆకరికి మనకెడతారు, ఇద్దరికీ ఒక ఆకులోనే. తినీసి సెయ్యి కడుక్కుని, అట్నుంచటే బస్సెక్కి పరీచ్చకి ఎల్లిపోదాం."